ల్యాప్‌టాప్ ఛార్జరు - అసలు, నకిలీ

నకిలీ విత్తనమనగా ఏమో పల్నాటి రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. సంచి అదే, ముద్ర అదే, ధర కొంచెము తక్కువ. విత్తిన తరువాత మిరప మొక్క ఏపుగా పెరిగియు కాపు కాయకపోయినప్పుడు మోసము బయటపడును. ల్యాప్‌టాప్ ఛార్జరుల విషయము ఇంతకంటె చిక్కైనది. నకిలీ విత్తనము పండదు. నకిలీ ఛార్జరు మాత్రము పని చేయును. దీపము వెలుగును, బేటరీ నిండును, నెలల తరబడి ఏ కీడును కనిపించదు. కావుననే "పని చేయుచున్నది గదా" అను మాట ఈ వస్తువు విషయమున ఏమియు ఋజువు చేయదు.

నరసరావుపేటలోను, ఆ చుట్టుప్రక్కలను ఇంజనీరింగు కళాశాలలు పెరిగిన పిమ్మట మాచర్ల, గురజాల ప్రాంతముల పల్లెలలో కూడ ల్యాప్‌టాప్ లేని విద్యార్థి ఇల్లు అరుదైనది. యంత్రముతో వచ్చిన ఛార్జరు రెండు మూడేండ్లలో తీగ తెగియో, పిన్ను వదులయ్యో పాడగును. అప్పుడు దుకాణమునకు పోయినచో మూడు మాటలు వినబడును: ఒరిజినల్, కంపాటిబుల్, ఫస్ట్ కాపీ. వీనిలో మొదటి రెండును నిజాయితీగల మాటలే. కంపాటిబుల్ అనగా వేరొక కంపెనీ తన పేరు తానే వేసికొని, ఈ యంత్రమునకు సరిపోవునట్లు చేసినది. అది మంచిదైనను కావచ్చును, నాసిరకమైనను కావచ్చును. మోసము మాత్రము కాదు. ఫస్ట్ కాపీ అనునది ఇతరుల పేరును దొంగిలించి అచ్చు వేసినది. పేరును దొంగిలించినవాడు లోపలి సామానులో నియమము పాటించునని ఆశించుట ఎట్లు? ఇట్టి సరకు మారుమూల దుకాణములకే పరిమితము కాదు. హైదరాబాదు ఆబిడ్సులోని జగదీష్ మార్కెటులో పోలీసులు నకిలీ ఆపిల్ ఉపకరణములను పట్టుకొన్నట్లు 2024లో పత్రికలు వ్రాసినవి.

ఛార్జరు లోపల ఏమి జరుగుచున్నదో తెలిసికొన్నచో నకిలీవాడు దేనిని మిగుల్చుకొనుచున్నాడో తెలియును.

గోడలోని సాకెట్టు నుండి మనకు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు వచ్చును. ల్యాప్‌టాప్‌నకు కావలసినది 19 లేక 20 వోల్టుల ఏకదిశా విద్యుత్తు. పూర్వము ట్రాన్సిస్టరు రేడియోలకు వాడిన బేటరీ ఎలిమినేటరులో ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మరు ఈ పని చేసెడిది. సెకనుకు 50 ఆవర్తనములు మాత్రమే చేయు విద్యుత్తుతో 65 వాట్ల శక్తిని దించవలెనన్నచో ఆ ట్రాన్స్‌ఫార్మరు కిలోకు మించిన బరువుండును. నేటి ఛార్జరు వేరొక ఉపాయము పన్నును. మొదట 230 వోల్టుల విద్యుత్తును డయోడులతో ఏకదిశకు మార్చి కెపాసిటరులో నింపును. మన రేడియో మెకానికులు కండెన్సరు అనునది దీనినే. 230 అనునది సగటు విలువ వంటిది. తరంగ శిఖరము 230ని 1.414తో గుణించగా వచ్చు 325 వోల్టులు. కెపాసిటరు ఈ శిఖరము వరకు నిండును. పిమ్మట ఒక ట్రాన్సిస్టరు ఈ 325 వోల్టులను సెకనుకు అరువదివేల మారులో, అంతకు మించియో తెగగొట్టి కలుపుచుండును. ఇంత వేగముగా మారు విద్యుత్తునకు బొటనవ్రేలంత ఫెర్రైటు ట్రాన్స్‌ఫార్మరు చాలును. అరకిలో అయిన లేని డబ్బాలో 65 వాట్లు ఇముడుట ఈ కారణముననే.

ఇక్కడ గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. ఆ చిన్న డబ్బాలో ఒక ప్రక్క 325 వోల్టులు, మరొక ప్రక్క 20 వోల్టులు. ఆ 20 వోల్టుల తీగ మన ఒడిలోని యంత్రమునకు తగిలియుండును. యంత్రపు లోహపు మూతను మన చేతులు తాకుచుండును. మన చేతికిని 325 వోల్టులకును నడుమ ఒక గోడ ఉండవలెను. ఇటుకల గోడ కాదు. ఖాళీ స్థలము, పసుపు పచ్చని టేపు, మూడు పొరల ఇన్సులేషను గల తీగ, ఇవే ఆ గోడ. ప్రమాణముల ప్రకారము సర్క్యూటు పలకపై ఈ రెండు ప్రాంతముల నడుమ దూరము 5 మిల్లీమీటరుల వరకు ఉండవలెను. మంచి ఛార్జరులో పలకను అచ్చట చీల్చి సందు కూడ విడుతురు, దుమ్ము, తేమ చేరినను విద్యుత్తు ప్రాకకుండుటకు. ఈ గోడను పరీక్షించుటకు రెండు ప్రక్కల నడుమ సుమారు 3000 వోల్టులను ఒక నిమిషము పాటు ప్రయోగింతురు.

నకిలీవాడు మిగుల్చుకొనునది ఈ గోడనే. 20 వోల్టులు రానిచో సరకు అమ్ముడుపోదు గనుక అది వచ్చునట్లు చేయును. గోడ ఉన్నదో లేదో కొనువానికి కనబడదు గనుక ఒక పొర టేపు, ఒక మిల్లీమీటరు సందుతో సరిపుచ్చును. ఫ్యూజు తీసివేయును, రేడియో అలజడిని ఆపు ఫిల్టరు తీసివేయును, వేడిని తాళు కెపాసిటరు బదులు చౌకదానిని పెట్టును. మల్టీమీటరుతో కొలచినచో 19.5 వోల్టులు చక్కగా చూపును. కొలచిన విద్యార్థి సంతృప్తి పడును. ఆ మీటరు గోడను కొలువలేదు.

అమెరికాలోని యు.ఎల్. అను పరీక్షాసంస్థ 2016లో ప్రకటించిన నివేదిక దీనికి తార్కాణము. వారు పరీక్షించినవి ల్యాప్‌టాప్‌లవి కావు, ఐఫోను ఎడాప్టరుల నకిలీలు; సూత్రము మాత్రము ఒక్కటే. పలు దేశములలో సేకరించిన 400 నకిలీలలో పరీక్షలకు నిలిచినవి 3 మాత్రమే. 12 ఎడాప్టరులు ప్రాణము తీయగల విద్యుద్ఘాతము కలిగించునంత చెడ్డగా కట్టబడినవి. ఇది ఊరక భయపెట్టుటకు చెప్పు మాట కాదు. చైనాలో 2013లో, ఆస్ట్రేలియాలో సిడ్నీ సమీపమున 2014లో జరిగిన మరణముల పిమ్మట ఆ దేశములలో చౌక ఛార్జరులపై హెచ్చరికలు వెలువడినవి. 2013లో ఆపిల్ కంపెనీ తనది కాని ఛార్జరును తెచ్చి ఇచ్చినచో తక్కువ ధరకు అసలుది ఇచ్చెదమని పథకము ప్రకటించినది.

ఇచ్చట విద్యార్థులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు: "అసలు ఛార్జరు పెట్టినను లోహపు మూతను రాచినచో వ్రేలికి జివ్వుమనుచున్నది. ఇది నకిలీయా?" కాకపోవచ్చును. అసలు ఛార్జరులో గోడకు అడ్డముగా ఒక చిన్న కెపాసిటరును బుద్ధిపూర్వకముగనే పెట్టుదురు, రేడియో అలజడి తగ్గుటకు. దాని విలువ 2.2 నానోఫారడులనుకొని, పూర్తి 230 వోల్టులు దానిపై పడినవనుకొన్నను, ప్రవహించు విద్యుత్తెంతో హైస్కూలు విద్యార్థి కూడ కట్టవచ్చును. 2 × 3.14 × 50 × 0.0000000022 × 230 = 0.00016 ఏంపియరు, అనగా మిల్లీఏంపియరులో ఆరవ వంతు. మెల్లగా రాచిన వ్రేలికి తెలియును గాని హాని చేయదు. చేతిని విడిపించుకొనలేని స్థితి రావలెనన్నచో 10 మిల్లీఏంపియరుల ప్రాంతము కావలెను. ఈ కెపాసిటరు చెడినను తెగిపోవునే గాని కలిసిపోకుండునట్లు ప్రత్యేకముగా తయారగును. నకిలీలో దాని స్థానమున మామూలు కెపాసిటరు ఉన్నచో, అది కలిసిపోయిన నాడు గోడ కూలినట్లే. మూడు పిన్నుల త్రాడు గల ఛార్జరును సరియైన ఎర్తు గల సాకెట్టులో పెట్టినచో ఆ జివ్వుమనుట తరచు పోవును. పాత ఇండ్లలో సాకెట్టునకు మూడవ రంధ్రము ఉండును, దాని వెనుక తీగ ఉండదు. ఇది ఛార్జరు తప్పు కాదు.

వేడి మాట కూడ చెప్పవలెను. మన జిల్లాలోని రెంటచింతల వేసవి ఎండకు రాష్ట్రమంతట పేరుపడినది. అచ్చట 45 డిగ్రీలు దాటుట వింత కాదు. ల్యాప్‌టాప్‌లను, ఛార్జరులను సాధారణముగా 35 లేక 40 డిగ్రీల గది వేడికి ఉద్దేశించి చేయుదురు. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఆయుర్దాయము ప్రతి 10 డిగ్రీల వేడి పెరుగుదలకు సగమగునని ఇంజనీరుల లెక్క. చలిదేశమున ఏండ్ల తరబడి నడచు నాసిరకపు ఛార్జరు మన వేసవిలో త్వరగా ఉబ్బి చెడును. అసలు ఛార్జరునైనను పరుపు మీద, దిండు క్రింద పెట్టరాదు. బండపై పెట్టుట మేలు.

ఇక గుర్తించుట. మొదట చేయరాని పని చెప్పెదను: ఛార్జరును విప్పి చూడరాదు. ప్లగ్గు తీసిన పిమ్మట కూడ 325 వోల్టుల కెపాసిటరులో విద్యుత్తు కొంతకాలము నిలిచియుండవచ్చును. తరగతిలో చూపదలచిన ఉపాధ్యాయులు చెడిపోయి ఎన్నో దినములుగా ప్రక్కన పడియున్న దానిని తామే విప్పి, కెపాసిటరులో ఏమియు మిగులలేదని మీటరుతో నిర్ధారించుకొన్న తరువాతనే పిల్లలకు చూపవలెను.

బయట నుండి చూడదగిన వానిలో ముఖ్యమైనది రిజిస్ట్రేషను సంఖ్య. ఎలక్ట్రానిక్ వస్తువులకు తప్పనిసరి రిజిస్ట్రేషను విధించుచు భారత ప్రభుత్వము 2012లో ఉత్తరువు జారీ చేసినది. 2014లో విస్తరించిన జాబితాలో కంప్యూటరు సామగ్రి ఎడాప్టరులు చేరినవి. కావున మన దేశమున అమ్ము ఛార్జరుపై భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తు, ప్రమాణపు సంఖ్య, దాని క్రింద ఆర్ అను ఇంగ్లీషు అక్షరము, అడ్డగీత, ఎనిమిది అంకెలు ఉండవలెను. ఆ సంస్థ ఉచితముగా ఇచ్చు బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను ఏప్‌లో ఈ సంఖ్యను వేసినచో తయారీదారు పేరు, చిరునామా, బ్రాండు కనిపించును. డెల్ ఛార్జరునకు తయారీదారుగా డెల్టా, లైట్-ఆన్, చికోనీ వంటి పేరు వచ్చినచో కంగారుపడనక్కరలేదు. పెద్ద కంపెనీలు ఛార్జరులను ఇట్టి తైవాను కంపెనీల చేతనే చేయించుకొనును. సంఖ్యకు ఏ వివరమును రానిచో, లేక ఛార్జరునకు బదులు టెలివిజను వివరము వచ్చినచో ఆ వస్తువును అచ్చటనే తిరిగి ఇచ్చివేయుడు. అంకెలను కూడ దొంగిలింపవచ్చును గదా అందురేమో, నిజమే. సంఖ్య లేనిది చెడ్డదని గట్టిగా చెప్పవచ్చును. ఉన్నంత మాత్రమున మంచిదని చెప్పలేము.

సి.ఇ. అను యూరపు గుర్తును చూచి మురియుట వ్యర్థము. చాల వస్తువుల విషయమున తయారీదారు తానే పరీక్షించి, తానే వేసికొను గుర్తు అది. ఆ అక్షరముల నడుమ ఎడము తక్కువైనచో అది "చైనా ఎగుమతి" గుర్తని ఒక ప్రచారము కలదు. అట్టి అధికారిక గుర్తు ఏదియు లేదు. మెరయు హోలోగ్రాము అంటించుటయు నేడు పెద్ద పని కాదు.

పాత అసలు ఛార్జరు ఇంటిలో ఉన్నచో క్రొత్తదానిని ప్రక్కన పెట్టి తూచుడు. కూరగాయల కాటా చాలును. అదే వాట్ల ఛార్జరు గణనీయముగా తేలికగా ఉన్నచో లోపల ఏదో కొరవడినదని అర్థము. చీటీపై అక్షరదోషములు, అతుకు వద్ద జిగురు, ప్లగ్గు పిన్నులు వదులుగా ఊగుట, ఇవి కూడ సాక్ష్యములే. చీటీపై అంకెలను గుణించి చూడుడు: 19.5 వోల్టులు, 3.34 ఏంపియరులు అన్నచో 65 వాట్లు రావలెను. 90 వాట్లని వ్రాసి 3.34 ఏంపియరులని ముద్రించిన చీటీలు లేకపోలేదు! పాత త్రాడు నొకదానిని కత్తిరించి లోపలి పోగులకు అయస్కాంతము చూపుట పిల్లలకు మంచి ప్రయోగము. రాగి అంటుకొనదు, రాగి పూత పూసిన ఇనుము అంటుకొనును. ప్లగ్గు పిన్నులు ఇత్తడివి కావలెను, గట్టిగా అంటుకొన్నచో ఇనుపవని అర్థము. నికెలు పూత వలన స్వల్పముగా లాగుట మాత్రము దోషము కాదు.

కొన్ని యంత్రములు ఛార్జరును తామే గుర్తుపట్టును. డెల్ పిన్ను నడిమి సన్నని సూది ద్వారా ఛార్జరులోని చిన్న చిప్ తన వాట్లను యంత్రమునకు చెప్పును. అది చెప్పకున్నచో ల్యాప్‌టాప్ తెరపై హెచ్చరిక చూపి, బేటరీ నింపుట మానివేయవచ్చును, వేగమైనను తగ్గించుకొనవచ్చును. ఇట్టి హెచ్చరికను మెకానికు మాట విని నొక్కివేయుట తగదు.

ఇప్పుడు విదేశముల సంగతి. 2023-24 విద్యాసంవత్సరములో అమెరికాలో చదువు భారతీయ విద్యార్థులు 3,31,602 మంది అని ఓపెన్ డోర్స్ నివేదిక చెప్పినది. వారిలో తెలుగువారు ఎందరో పల్నాటి ఊళ్ల నుండి పోయినవారికి వేరుగా చెప్పవలసిన పని లేదు. ప్రయాణమునకు ముందు "అచ్చట 120 వోల్టులే గదా, ఛార్జరు పని చేయునా?" అను ప్రశ్న ప్రతి ఇంట పుట్టును. కొందరు బరువైన ట్రాన్స్‌ఫార్మరు కొని పెట్టెలో పెట్టుదురు. ల్యాప్‌టాప్‌నకు అది అనవసరము. ఛార్జరు చీటీపై ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50-60 హెర్ట్జ్ అని ఉన్నచో అది ఏ దేశములోనైన పని చేయును. (తల్లి కట్టి ఇచ్చిన మిక్సీ సంగతి వేరు. అది 230 వోల్టులకే పుట్టినది. అచ్చట మూలుగును గాని పప్పు రుబ్బదు.)

మారవలసినది గోడకు పోవు త్రాడు మాత్రమే. చాల ఛార్జరులకు ఈ త్రాడు ఊడి వచ్చును. దాని కొన మూడు రేకుల పువ్వువలె గాని, ఎనిమిది అంకెవలె గాని ఉండును. ఈ ఆకారములు అంతర్జాతీయ ప్రమాణము ననుసరించినవి. కావున అసలు ఛార్జరును ఇచ్చటి నుండియే తీసికొనిపోయి, ఆ దేశపు త్రాడు నొకదానిని అచ్చట పేరున్న దుకాణములో కొనుట అన్నిటికంటె చౌక, అన్నిటికంటె క్షేమము. అమెరికాలో బల్లపరుపు రేకులు రెండు, ఎర్తు పిన్ను ఒకటి; బ్రిటనులోను, గల్ఫు దేశములు పెక్కింటిలోను చదరపు పిన్నులు మూడు; ఆస్ట్రేలియాలో ఏటవాలు రేకులు. బ్రిటిషు ప్లగ్గులో ఫ్యూజు తప్పక ఉండవలెను, నకిలీలలో అది లేకపోవుట కద్దు. అన్ని దేశములకును పనికివచ్చునని అమ్ము గుండ్రని కన్వర్టరులలో చాలవరకు ఎర్తు కలియదు. విమానాశ్రయములో ఒక పూట వాడుకొనవచ్చును గాని రెండేండ్ల చదువునకు అవి తగవు. తిరిగి వచ్చునప్పుడు అమెరికా త్రాడును వెంట తెచ్చి ఇచ్చట కన్వర్టరుతో వాడువారు దాని ప్లగ్గుపై చూడుడు: 125 వోల్టులని ఉండును.

అచ్చట ఛార్జరే కొనవలసివచ్చినచో యంత్రపు కంపెనీ సొంత అంగడి గాని, ఆ కంపెనీ అధికారము పొందిన దుకాణము గాని మేలు. విదేశపు వస్తువు కనుక అసలుదే అను నమ్మకము పనికిరాదు. ఆపిల్ కంపెనీ 2016లో అమెరికా న్యాయస్థానమున వేసిన దావాలో, ఆమెజాను ద్వారా తన పేరుతో అమ్ముడైన సరకును తెప్పించి చూడగా దాదాపు నూటికి తొంబది నకిలీలని తెలిపినది. నెట్ అంగడిలో కొట్టు పేరు వేరు, అమ్మువాని పేరు వేరు. రెండవ పేరునే చదువవలెను. చీటీపై యు.ఎల్. గుర్తు గాని, ఇ.టి.ఎల్. గుర్తు గాని ఉన్నదా చూడుడు. కొన్న ఛార్జరు ఇండియాలో చెడినచో వారంటీ వర్తించునో లేదో బిల్లు తీసికొనునప్పుడే అడుగుడు. బిల్లును ఫోనులో ఫోటో తీసి ఉంచుకొనుడు.

యు.ఎస్.బి.-సి రకము వచ్చిన తరువాత పని కొంత సులువైనది. యూరపు సమాజము 2024 డిసెంబరు 28 నుండి ఫోనులు మొదలైన వానికి, 2026 ఏప్రిల్ 28 నుండి ల్యాప్‌టాప్‌లకు ఈ రకమును విధించినది. ఇందులో ఛార్జరు, యంత్రము ముందు మాటాడుకొని 5, 9, 15, 20 వోల్టులలో ఏది కావలెనో నిర్ణయించుకొనును. ఒక్క కంపెనీ ఛార్జరునకే అతుక్కొనియుండు అవసరము తగ్గినది. ఇక్కడ మోసము త్రాడులోనికి చేరినది. 3 ఏంపియరులు, అనగా 60 వాట్లు దాటవలెనన్నచో త్రాడు కొనలో గుర్తింపు చిప్ ఉండవలెను. 100 వాట్లని పైన అచ్చువేసి, లోపల సన్నని తీగ పెట్టి అమ్ము త్రాడులు మన బజారులలో కొల్లలు.

అసలు వస్తువు కూడ తప్పు చేయవచ్చును. హెచ్.పి. కంపెనీ 2010 సెప్టెంబరు నుండి 2012 జూను వరకు ల్యాప్‌టాప్‌లతో ఇచ్చిన కొన్ని త్రాడులు వేడెక్కి కరగుచున్నవని తెలిసి 2014 ఆగస్టులో అమెరికా, కెనడాలలో సుమారు 60 లక్షల త్రాడులను వెనుకకు పిలిచినది. వాని కొనపై ఎల్.ఎస్.-15 అని పోతపోసి ఉండును. ఆపిల్ కంపెనీ 2003 నుండి 2015 వరకు యూరపు, ఆస్ట్రేలియా మొదలగు దేశములకు పంపిన రెండు పిన్నుల ముక్కలను 2016లో ఇట్లే మార్చి ఇచ్చినది. వ్యత్యాసమంతయు ఇక్కడనే: అసలుదానికి తప్పు ఒప్పుకొని మార్చి ఇచ్చువాడొకడున్నాడు, ఫస్ట్ కాపీకి చిరునామా లేదు.

నకిలీ ఛార్జరు ఇంటిలో ఉన్నదని తేలినచో దానిని తమ్మునికి ఇచ్చి క్రొత్తది కొనుక్కొనవలదు. గోడ నుండి తీసి, త్రాడును కత్తిరించి, ఎలక్ట్రానిక్ చెత్త సేకరించువారికి ఇయ్యుడు. అమ్మినవాడు సొమ్ము వాపసు ఇయ్యనన్నచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. బిల్లు ఉండవలెను; కావున ఎంత తెలిసిన దుకాణమైనను బిల్లు లేనిదే ఛార్జరు కొనకుడు.